కొత్తవారు గుంపు ఆట నేర్చే తీరు: మెట్‌పల్లి చుట్టుపక్కల కోలాటం, చిరుతలు, దండారి

ఉత్తర తెలంగాణ పల్లెల్లో జనం కలిసి ఆడే ఆటలకు ఎత్తయిన వేదిక అక్కర్లేదు. గుడి ముందరి జాగా, కచేరి దగ్గరి కూడలి, బతుకమ్మ రోజుల్లో చెరువు గట్టు చాలు. ఆడేవాళ్లూ చూసేవాళ్లూ ఒకే ఊరివాళ్లు. నిరుడు గట్టు మీద కూర్చుని చూసినవాడు ఈసారి వరుసలో నిలబడతాడు. మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతంలో కోలాటం, చిరుతల రామాయణం, బతుకమ్మ ఇలా ఆడే ఆటలే. గోదావరి దాటి ఉత్తరంగా పోతే ఆదిలాబాద్ అడవి ఊళ్లలో రాజ్‌గోండుల దండారి, గుస్సాడీ కూడా అంతే. వీటిలో కొత్తవారికి ఆట అబ్బేది పక్కమనిషి వల్ల. అతని అడుగు చూసి, అతని చేతి దెబ్బ విని, తన ఒంటిని దానికి సరిచేసుకుంటూ నేర్చుకోవాలి. 1972లో అమెరికాలో పుట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అనే జంట నృత్యం కూడా కొత్తవారికి ఇదే దారి చూపిస్తుంది. ముందే కట్టిన అడుగులు లేకుండా, ఇద్దరు ఒకరి ఒంటి మీద ఒకరు బరువు ఆనించి, ఆ తాకిడి ఎటు తీసుకుపోతే అటు కదిలే ఆట అది. మన ఊరి ఆటలు తెలిసినవారికి అందులో పరిచయమున్నది చాలా కనిపిస్తుంది, కొత్తగా మొదలుపెట్టాల్సిందీ కొంత ఉంటుంది.

ప్రాంతం, కాలం

మెట్‌పల్లి ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుంచి జగిత్యాల జిల్లాలో ఉంది. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద, ఆర్మూర్‌కు కోరుట్లకు నడుమ ఉంటుంది. ఖాదీకి, పసుపు మార్కెట్టుకు పేరున్న ఊరు. చుట్టూ వరి, పసుపు, మక్కజొన్న పండే పల్లెలు. ఈ ఆటలు పొలం పనుల వెంట నడుస్తాయి. నాట్లు, కోతలు ఉన్నన్నాళ్లు సాధన సాగదు. పంట ఇంటికి చేరి, పసుపు ఉడికించి ఎండబెట్టే పని ముగిసి, ఎండకాలపు రాత్రులు మొదలైతే ఊరికి తీరిక దొరుకుతుంది.

ఇంకొక సంగతి ఈ ప్రాంతానికి ప్రత్యేకం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల నుంచి మగవాళ్లు దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు పోతున్నారు. నెలల సాధన అడిగే ఆటకు ఇది పెద్ద దెబ్బ. సెలవు మీద నెలరోజులకు వచ్చిన మనిషి బతుకమ్మకు, వినాయక నిమజ్జనానికి అందుతాడు కానీ చిరుతల రామాయణంలో లక్ష్మణుడి పాత్ర కట్టలేడు. ఊళ్లలో ఇవాళ కోలాట బృందాల్లో ఎక్కువగా ఆడవాళ్లే కనిపించడానికి ఈ వలస కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

కోలాటం

కోలాటానికి తెలుగు నేల మీద పాత సాక్ష్యం ఉంది. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి దేశి నృత్యాల మధ్య దండరాసకాన్ని కూడా వర్ణిస్తుంది. అది కోలలు పట్టి ఆడే ఆట. ఈ గ్రంథాన్ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగులోకి తెచ్చారు. ఇదే గ్రంథాన్నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నాట్యగురువు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని తిరిగి నిలబెట్టారు. పేరిణి ఇప్పుడు గురువు దగ్గర, పాఠక్రమం ప్రకారం నేర్చుకునే నృత్యం. కోలాటం మాత్రం ఊరి చేతుల్లోనే ఉంది.

ఆడేవాళ్లు రెండు వలయాలుగా నిలబడతారు. లోపలి వలయంలోని మనిషికీ బయటి వలయంలోని మనిషికీ జత కుదురుతుంది. ఆ జతను ఉద్ది అంటారు. అడుగుల వరుసకు కోపు అని పేరు. మధ్యలో నిలబడి పాట ఎత్తుకునే పంతులు తాళం వేస్తూ కోపు మార్చమని సైగ చేస్తాడు, ఈ మధ్య చాలా చోట్ల ఈల వేస్తున్నారు. పాట నిదానంగా మొదలై, తాళం క్రమంగా ఎక్కి, చివరికి అడుగు నేల మీద ఆనిందో లేదో తెలియనంత వేగం అందుకుంటుంది.

మొదటి రోజున కోలలు ఇవ్వరు. ఉత్త చేతులతో చప్పట్లు కొడుతూ వలయంలో తిరగమంటారు. కాలు ముందు కుదరాలి, చెయ్యి తరువాత. నాలుగు అడుగులు ముందుకు, ఒక వంగు, ఒక తిరుగుడు, మళ్లీ నాలుగు అడుగులు. ఇది కుదిరిన తరువాత కోలలు వస్తాయి. కొత్తవారు అందరూ చేసే పని ఒకటే: కోలను నడిమికి పట్టుకుని పిడికిలి బిగిస్తారు. అలా పట్టుకుంటే ఎదుటివారి కోల వచ్చి వేళ్ల మీద పడుతుంది. చివర పట్టుకోవాలి, పిడికిలి కొంచెం వదులుగా ఉండాలి, దెబ్బ కోల పైకొనకు తగలాలి. బిగువు తగ్గించిన మరుక్షణం కోల మోగుతుంది. ఎండిన గట్టి కట్టె అయితే ఆ మోత దూరం దాకా వినిపిస్తుంది.

తరువాతి మెట్టు ఉద్దితో కలవడం. తన రెండు కోలలు ఒకసారి తానే తాటించుకుని, రెండోసారి ఎదుటివారి కోలకు తగిలించాలి. ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే కళ్లు కోలల మీద నిలుస్తాయి. కోలను చూస్తూ కొట్టబోతే ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమవుతుంది. అనుభవమున్న ఆడవాళ్లు కొత్త పిల్లకు ముందుగా చెప్పేది ఎదుటి మనిషి ముఖం చూడమనే. ముఖం చూస్తే భుజం కదలిక కనబడుతుంది, భుజం కదిలితే కోల ఎటు వస్తుందో చెయ్యికి తెలిసిపోతుంది. ఆ తరువాత లోపలివారు ఒక దిక్కుకు, బయటివారు మరో దిక్కుకు జరుగుతూ పోవడంతో, ఒక్క పాటలోనే కొత్తవారికి ఎదుటి వలయంలోని మనుషులందరితో కోల కలుస్తుంది. ఒకరి దెబ్బ బరువు, మరొకరిది తేలిక. ఒకరు ముందుగా వస్తారు, ఒకరు ఆఖరి క్షణం దాకా ఆగుతారు. ఈ తేడాలన్నిటికీ సర్దుకోవడంలోనే అసలు శిక్షణ జరుగుతుంది. ఇందులో పంతులు చేయగలిగింది కొంచెమే.

జడకోలాటం దీనికి పై తరగతి. ఎత్తున కట్టిన తాళ్లు కిందికి వేలాడుతుంటాయి. ఒక్కొక్కరు ఒక్కో తాడు కొన పట్టుకుని, ఒకరి వెనక నుంచి, మరొకరి ముందు నుంచి దాటుతూ తిరిగితే పైన జడ అల్లుకుంటుంది. అదే నడకను వెనక్కి నడిస్తే జడ విడిపోవాలి. ఒక్కరు ఒక్కసారి తప్పు వైపు నుంచి దాటినా విప్పేటప్పుడు ముడి పడుతుంది. అప్పుడు అందరూ ఆగి, ఏ దాటు దగ్గర తప్పిందో వెనక్కి నడుచుకుంటూ వెతుకుతారు. కొత్తవారిని జడకోలాటంలోకి తీసుకున్నప్పుడు ఇద్దరు ఆరితేరినవాళ్ల నడుమ పెడతారు. ముందున్నామె వీపు దారి చూపుతుంది, వెనకనున్నామె తోసి దారిలో పెడుతుంది.

ఈ రోజుల్లో ఫోనులో వీడియో చూసి కోలాటం నేర్చుకునే బృందాలు చాలా ఉన్నాయి. కోపుల పేర్లు, పాటలు అలా వేగంగా వస్తాయి, కాదనను. కానీ తెర మీది మనిషి ఎదురుగా నిలబడితే ఆమె కుడి మనకు ఎడమవుతుంది, పైగా తెర కోలకు కోల ఇవ్వదు. వీడియోతో నేర్చుకున్న బృందం ఒకరితో ఒకరు కలవడానికి మళ్లీ మొదటి నుంచి కూర్చోవలసి వస్తుంది.

చిరుతల రామాయణం

ఇత్తడి బిళ్లలు అమర్చిన చెక్క తాళాలే చిరుతలు. అవి మోగిస్తూ రామకథను పాటగా, ఆటగా నడిపేది చిరుతల రామాయణం. కరీంనగర్ ప్రాంతంలో దీనికి మంచి ఆదరణ ఉంది. ఊరు ఒక గురువును పిలుచుకుంటుంది. ఆయన రాత్రి పూట సాధన చేయిస్తాడు. సాధన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పోతుంది. తరువాత ఆట కొన్ని రాత్రులు నడిచి పట్టాభిషేకంతో ముగుస్తుంది. హార్మోనియం, మద్దెల పక్కన ఉంటాయి. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టడం పాత వాడుక.

ఇదే నేల మీద చిందు యక్షగానం కూడా ఉంది. అది చిందు కళాకారుల కుటుంబాల్లో తరం నుంచి తరానికి వచ్చే వృత్తి. ఆ పిల్లలు ఊహ తెలిసేనాటికే ఆట మధ్యలో ఉంటారు. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. చిరుతల రామాయణం దీనికి భిన్నం. రైతు, సాలె, కుమ్మరి, బడి పంతులు ఎవరైనా చేరవచ్చు. ఇంతకు ముందు ఒక్కసారీ గజ్జె కట్టనివాళ్లే ఇక్కడ ఎక్కువ. కాబట్టి సాధన మొత్తం కొత్తవారిని దృష్టిలో ఉంచుకునే సాగుతుంది.

గురువు ఒక చరణం పాడతాడు, గుంపు తిరిగి పాడుతుంది. చదువు రానివారికీ వచ్చినవారికీ ఒకటే పద్ధతి. చరణం నోటికి వచ్చాక అడుగు కలుపుతారు, అడుగు కుదిరాక చిరుతలు. మూడూ ఒకేసారి చేయమంటే కొత్తవాడి నోరు ఆగిపోతుంది. అలా ఆగినా ఆట ఆగదు, ఎందుకంటే గుంపు పాట పాడుతూనే ఉంటుంది. ఆ పాట అతన్ని మోసుకుపోతుంది, తరువాతి చరణంలో మళ్లీ గొంతు కలుపుతాడు. ఒంటరిగా నేర్చుకునే నృత్యంలో తప్పు అందరికీ కనబడుతుంది. ఇక్కడ తప్పును గుంపు కప్పి పెడుతుంది. పెద్ద వయసులో ఆటకు వచ్చి సిగ్గుపడేవారికి ఇంతకంటే పెద్ద సాయం లేదు.

దండారి, గుస్సాడీ

గోదావరి అవతల, ఉట్నూర్, జైనూర్, ఆసిఫాబాద్ వైపు రాజ్‌గోండు గూడేలలో దీపావళి ముందరి రోజులు దండారి అనే ఆటల పండుగవి. ఒక ఊరి దండారి బృందం మరో ఊరికి విడిదికి పోతుంది. పగలు, రాత్రి ఆట. అతిథి ఊరూ ఆతిథ్యమిచ్చే ఊరూ కలిసి ఆడతాయి, కొత్త పెళ్లి సంబంధాలు కూడా ఇక్కడే మాటలోకి వస్తాయి. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో గుడికి ఈ బృందాలు బారులు తీరుతాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి ఈ జీవితాన్ని దగ్గరగా చూసి రాసిన పుస్తకం 1948లో అచ్చయింది.

దండారిలో వేషం కట్టి ఆడే గుస్సాడీలది ప్రత్యేక స్థానం. నెమలి ఈకల పెద్ద టోపీ, దానికి జింక కొమ్ములు, కట్టుడు గడ్డం మీసాలు, ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర. వేషం కట్టినన్ని రోజులు దీక్షగా ఉండాలి, స్నానం చేయరాదు. ఆ రోజుల్లో గుస్సాడీలో దేవుడు ఉంటాడని, అతని కర్ర తాకితే రోగం పోతుందని గోండుల నమ్మకం. డోలు, తుడుం, పెప్రె వాయిద్యాల వెంట గుస్సాడీ ఆడుతాడు. వాయిద్యం మారితే ఆట మారుతుంది. గుస్సాడీ అడుగు మొత్తం ముందే కట్టినది కాదు. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి, పక్కనున్న గుస్సాడీని బట్టి, డోలు పిలుపును బట్టి అతను అప్పటికప్పుడు తిరుగుతాడు, వంగుతాడు, ఉరుకుతాడు. ఈ ప్రాంతపు ఆటల్లో అప్పటికప్పుడు పుట్టే కదలికకు ఎక్కువ చోటున్నది ఇందులోనే.

కొత్త గుస్సాడీకి మొదట నేర్పవలసింది మెడ. ఎత్తయిన టోపీ తల మీద ఉన్నప్పుడు నడుము నుంచి ఊగితే టోపీ ఒక పక్కకు లాగుతుంది. మోకాళ్లు వంచి, బరువు కిందికి దించి, తలను నిటారుగా ఉంచి తిరగాలి. ఇది మాటలతో వచ్చేది కాదు, పెద్దవారి వెనక ఆడుతూ ఆడుతూ వస్తుంది. మార్లవాయికి చెందిన కనకరాజు ఈ ఆటను 1981లో ఢిల్లీలో ఇందిరాగాంధీ ఎదుట ఆడి, తరువాత ఎందరో గోండు యువకులకు నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరులో, దీపావళి దగ్గర పడుతుండగా కన్నుమూశారు. ఆయన పేరు రాయకుండా గుస్సాడీ శిక్షణ గురించి రాయడం కుదరదు.

గోండులు కానివారు గుస్సాడీ నేర్చుకోవచ్చా? ఆ అడుగులను గౌరవంగా చూసి తెలుసుకోవడంలో తప్పు లేదు. కానీ వేషం, కర్ర, దీక్ష వాళ్ల దేవుని సొత్తు. పెళ్లి బరాత్‌లో, కాలేజీ వేడుకలో నెమలి టోపీ పెట్టుకుని గంతులు వేయడం నాకు బాధ కలిగించే విషయం.

కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్

ఈ నృత్యాన్ని మొదలుపెట్టిన స్టీవ్ పాక్స్టన్ జిమ్నాస్టిక్స్ చేసినవాడు, మెర్స్ కనింగ్‌హామ్ నృత్య బృందంలో ఆడినవాడు, జపాన్ యుద్ధవిద్య ఐకిడో అభ్యసించినవాడు. 1972 జనవరిలో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీలో పదకొండు మంది మగవాళ్లతో కుస్తీ పరుపుల మీద ‘మెగ్నీషియం’ అనే ప్రదర్శన చేశాడు. ఒకరినొకరు ఢీకొనడం, పడడం, దొర్లడం, లేవడం, చివర కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడడం. అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లోని జాన్ వెబర్ గ్యాలరీలో ఆడ, మగ కలిసి దీన్ని ముందుకు తీసుకుపోయారు. ఆ తొలి బృందంలోని నాన్సీ స్టార్క్ స్మిత్ జీవితమంతా ఈ ఆటకే ఇచ్చింది. ఆమె 2020లో, పాక్స్టన్ 2024లో మరణించారు.

తొలి ఏళ్లలో సరిగా నేర్వనివాళ్లు దీన్ని నేర్పబోయి గాయాలు చేసుకున్నారన్న కబుర్లు వచ్చాయి. పేరును చట్టబద్ధంగా సొంతం చేసుకుని, ఉపాధ్యాయులకు ధ్రువపత్రాలు ఇవ్వాలా అని 1975లో పాక్స్టన్, అతని తోటివారు ఆలోచించారు. ఆ ఆలోచన మానుకుని ఒక వార్తాపత్రిక మొదలుపెట్టారు. ‘కాంటాక్ట్ క్వార్టర్లీ’ అయింది ఆ పత్రికే. ఎవరు ఏం నేర్చుకున్నారో, ఎక్కడ దెబ్బ తగిలిందో రాసుకుంటే ఆట క్షేమంగా ఉంటుందని వాళ్ల నమ్మకం. అందువల్లే ఇవాళ్టికీ ఈ నృత్యానికి పరీక్ష లేదు, పట్టా లేదు. జామ్ అనే కూడికలో కొత్తవారూ పాతవారూ ఒకే నేల మీద కలుస్తారు. ఇది మన గుడి ముందరి కోలాట సాధనకు బాగా దగ్గర. మన దేశంలో బెంగళూరు, ఆరోవిల్, గోవాలలో దీని శిబిరాలు జరుగుతుంటాయి.

కోలాటం తెలిసినవారికి ఇందులో సుళువయ్యేది ఎదుటి మనిషిని వినడం. కష్టమయ్యేది తాళం లేకపోవడం. పాట ఉండదు, కోపు ఉండదు, ఈల ఉండదు. తరువాత ఏం చేయాలో చెప్పేది తాకిడి ఉన్న చోటు మాత్రమే. అది వీపు కావచ్చు, భుజం కావచ్చు, ముంజేయి కావచ్చు.

మొదటి పాఠం కదలకుండా నిలబడడమే. కళ్లు మూసుకుని నిటారుగా నిలబడితే, పడిపోకుండా ఒళ్లు తనంతట తాను చేసుకునే చిన్న చిన్న సర్దుబాట్లు తెలుస్తాయి. చీలమండలు, మోకాళ్లు, నడుము ఒక్క క్షణం కూడా పూర్తిగా ఆగవు. పాక్స్టన్ దీన్ని చిన్న నాట్యం అన్నాడు. తరువాత నేల మీద దొర్లడం, ఒక భుజం మీదుగా నడుము దాకా పక్కగా పడడం. ఒక్క చెయ్యి చాచి పడితే మణికట్టు విరగవచ్చు. బరువును ఒంటి పొడవునా పంచి పడితే దెబ్బ తక్కువ తగులుతుంది. కబడ్డీ ఆడిన పిల్లలకు ఇది సగం వచ్చే ఉంటుంది.

ఆ తరువాత వీపుకు వీపు. ఇద్దరు నేల మీద కూర్చుని వీపులు ఆనించి, చేతులు వాడకుండా, ఒకరినొకరు నెడుతూ లేచి నిలబడాలి. ఒకరు భయపడి బరువు ఇవ్వకపోతే ఇద్దరి కాళ్లూ జారుతాయి. ఒకరు బలం చూపించి ఎక్కువ తోస్తే రెండోవారు ముందుకు పడతారు. ఇద్దరి బరువూ సమంగా ఒకచోట కలిసినప్పుడు ఎవరూ ఎత్తకుండానే ఇద్దరూ లేస్తారు. మొదటిసారి అలా లేచినప్పుడు కలిగే ఆశ్చర్యం ఎంత వయసువారి ముఖంలోనైనా కనిపిస్తుంది. ఎత్తులు, భుజాల మీద తేలడం చాలా తరువాతి మాట. అవి కూడా చేతి బలంతో చేసేవి కావు. కటి ఎముకల దగ్గరున్న బరువు కేంద్రం ఎదుటివారి బరువు కేంద్రం మీదికి చేరితే నలభై కిలోల మనిషి కూడా డెబ్బై కిలోల మనిషిని మోయగలడు.

తాకిడి, మొహమాటం, జాగ్రత్త

కోలాటంలో తాకేది కోల, మనిషి కాదు. బతుకమ్మలో చప్పట్లు ఎవరివి వారివే. పైగా ఆడ, మగ వలయాలు ఎక్కువగా వేరు. కాబట్టి మెట్‌పల్లిలాంటి ఊరి నుంచి వచ్చిన మనిషికి కాంటాక్ట్ నృత్యంలో మొదటి ఇబ్బంది అడుగులతో రాదు, పరాయి ఒంటి స్పర్శతో వస్తుంది. ఆ ఇబ్బందిని చిన్నచూపు చూడకూడదు. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో మొదలుపెట్టడం ఏ విధంగానూ తక్కువ కాదు. పాక్స్టన్ తొలి ప్రదర్శన కూడా మగవాళ్లతోనే జరిగింది. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా ఆటలోంచి తప్పుకోవచ్చన్నది మంచి జామ్‌లన్నిటిలో ఉండే నియమం. తాకిడిని అలుసుగా తీసుకునేవాడిని ఆ నేల మీద ఉండనివ్వకూడదు. గురువు పేరు ఎంత పెద్దదైనా, ఈ నియమం ముందే చెప్పని శిబిరానికి కొత్తవారు పోకపోవడం మేలు.

సాధనకు కావలసినవి కొన్నే. గోళ్లు కత్తిరించుకోవాలి, ఉంగరాలు, గాజులు, గడియారం, గొలుసు తీసేయాలి. మోచేతులు, మోకాళ్లు కప్పే వదులు బట్టలు వేసుకోవాలి. సిమెంటు గచ్చు పనికిరాదు. కుస్తీ పరుపులు లేని ఊళ్లో కబడ్డీ కోసం దున్ని మెత్తబరిచిన మట్టి మంచిది, వరి గడ్డి పరిచి పైన జంపఖానా వేసుకున్నా చాలు. తిన్న వెంటనే చేయకూడదు. నడుము నొప్పి, మోకాలి నొప్పి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా బరువు మోసే పాఠాల జోలికి పోకూడదు. నిలబడడం, దొర్లడం, వీపుకు వీపు ఆనించడం అనే మూడు పాఠాలకే మొదటి నెల కేటాయించి, ఒక్కో పూట కనీసం ముగ్గురు నలుగురు వేర్వేరు మనుషులతో జత మార్చుకుంటూ సాధన చేస్తే, రెండో నెలలో బరువు మోసే పాఠాలు ఎత్తుకోవచ్చు.